అటకెక్కిన రోకలి

వీధి చివరి మాంసం కొట్టతను తలుపు తన్నుకుని వచ్చి, బల్ల మీది గాజు గిన్నెలన్నీ నేలకేసి కొట్టాడు.

"మీ కుక్క నా మేకని చంపేసింది. నీ మొగుణ్ణి పిలువు, నరికేస్తా," అని ఇంటావిడ ముందు కత్తి ఎత్తాడు.

ఆడపడుచు ఆవిడ చేతిలో రోకలి పెట్టింది. "ఒక్కటెయ్యి వదినా. తల రెండు చెక్కలవ్వాలి."

"మన మెనోనైట్ క్రైస్తవులు మనిషి మీద చేయెత్తరు," అంటూ ఆవిడ రోకలిని అటక మీదికి విసిరేసి చీపురు అందుకుంది. "కదలకు తమ్ముడూ, గాజు గుచ్చుకుంటుంది. కోపంలో చెప్పులు కూడా మరిచొచ్చావు."

అతని పాదాల చుట్టూ, చీపురు పుల్లలు విరిగేలా ఊడ్చింది. కత్తి మెల్లగా కిందికి దిగింది.

"అక్కా, నీకూ కోపమొస్తుందా?"

"రాకేం? రోకలి నాకే అందకుండా ఎందుకు పెట్టాననుకున్నావు? ఊఁ, కాలెత్తు."