డెబ్బై తొమ్మిది కేజీలు

తిరగలి దగ్గర వంగేసరికి ఇందిర జాకెట్టు హుక్కు ఊడి నేల మీద పడింది.

అత్త తిరుపతమ్మ బియ్యం ఏరుతూనే చూసింది.

“ఈ నెల్లో ఇది ఎన్నోది?”

“రెండోది అత్తా. గుడ్డ పాతదైపోయింది.”

“గుడ్డ పాతదయిందా, నువ్వు పెరుగుతున్నావా? ఇయ్యాల ఒకటో తారీకు. పద, కాటా ఎక్కుదువు గాని.”

ఇందిర హుక్కు ఏరుకుని కొంగు కప్పుకుంది.

రెండేళ్ల కిందట ఆమె నూట పన్నెండు కేజీలు ఉండేది. మద్రాసు తీసుకెళ్లి కడుపుకు ఆపరేషన్ చేయించారు. పిడికెడు సంచి మిగిల్చి మిగతాది మూసేశారని డాక్టరు చెప్పాడు. ఏడాది తిరిగేసరికి డెబ్బై నాలుగుకు దిగింది. గురజాలలో ఉన్న చుట్టాలంతా వచ్చి చూసి వెళ్లారు.

రెండో ఏడు ఆకలి తిరిగి వచ్చింది.

అన్నం మూడు ముద్దలకే గొంతులో అడ్డం పడేది. చక్కెర పాలు మాత్రం జారిపోయేవి. బెల్లం టీ జారిపోయేది. వంటింట్లో ఎవరూ లేనప్పుడు నిలబడే తాగేది. చెంబు కడిగి బోర్లించి, ఇదే ఆఖరు అనుకునేది. మర్నాడూ అదే అనుకునేది.

తిరుపతమ్మ ముందే, కాటా దగ్గర నిలబడి చెప్పేసింది.

“ఎనభై దాటిందంటే మీ పెదకూరపాడు బస్సెక్కడమే. మళ్లా కోయించే ఓపిక మా వాడికి లేదు. ఇంకో పిల్లను చూసుకుంటాం.”

మామ వెంకట్రామయ్య మిరపకాయల వ్యాపారి. బస్తాలు తూచే కాటా ఇంటి ముందు రేకుల షెడ్డులోనే ఉంది. కాటా వేసేది మౌలాలీ. కృష్ణ అవతల నుంచి వచ్చిన ముసలివాడు. ఏ ఊరో ఎవరూ అడగలేదు. బరువులు చెప్పడం తప్ప అతను నోరు విప్పి మాట్లాడగా ఇందిర వినలేదు.

షెడ్డులో రైతులు బస్తాల మీద కూర్చుని ఉన్నారు. ఇందిర తల వంచుకుని కాటా పలక మీదికి ఎక్కింది.

మౌలాలీ కడ్డీ మీద బిళ్ల జరిపాడు. కడ్డీ అతని వైపే ఉంటుంది. మిగతావాళ్లకు కనపడదు.

“డెబ్బై తొమ్మిది” అని గట్టిగా చెప్పాడు.

కిందటి నెలా డెబ్బై తొమ్మిదే. అంతకు ముందు నెలా అదే.

మాచవరం రైతు కృపానందం పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు.

“డెబ్బై తొమ్మిదంట్రా. ఆ లెక్కన నేను నలభై ఉంటా.”

షెడ్డంతా నవ్వింది.

ఇందిర చెవులు వేడెక్కాయి. నెలనెలా ఇంతమందిలో ఈ ముసలివాడు ఆ అంకె అరవడం, వీళ్లు తనను ఎగాదిగా చూసి నవ్వడం. కావాలనే చేస్తున్నాడనిపించింది. ఆ కోపంలో అత్త చెప్పిన ఎనభై మాట గుర్తుకే రాలేదు.

“నన్ను చూసి నవ్వించడానికేనా తాతా, అట్ట అరుస్తావు? నీ కాటా అబద్ధం. నా ఒళ్లు నాకు తెలీదా?”

ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారి.

మౌలాలీ ఆమె వైపు చూశాడు.

“దిగమ్మా. దిగి లోపలికి పో” అన్నాడు మెల్లగా.

అప్పటికే కృపానందం నవ్వు ఆపేశాడు.

“ఆగాగు. కాటా అబద్ధమని ఇంటి కోడలే అంటంది. మనిషికే ఇంత తగ్గించి చెప్తే మా మిరపకాయలకు ఎంత తగ్గిస్తన్నాడో. ఏమయ్యా వెంకట్రామయ్యా, మూడు కోతలూ నీకే పోశాం గదయ్యా.”

రైతులంతా లేచారు. వెంకట్రామయ్య కండువా సర్దుకుంటూ బయటికి వచ్చాడు.

“ఏంది మౌలాలీ ఇది? కాటా సరిగ్గానే ఉందని చెప్పు వాళ్లకి. నీ నోటితో చెప్పు.”

మౌలాలీ కడ్డీ వైపు చూశాడు. పక్కనే నిలబడ్డ తిరుపతమ్మను చూశాడు.

“తప్పు నాదేనయ్యా” అన్నాడు.

“నా పేరు చెడగొట్టావు గదరా. పో. ఈ గేటు తొక్కమాక.”

మౌలాలీ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని రైలు స్టేషన్ వైపు వెళ్లిపోయాడు. ఇందిర కిటికీలోంచి చూసింది. వచ్చే నెల ఆ అరుపు ఉండదని కాస్త తేలికపడింది కూడా.

మూడో రోజు తూనికల ఆఫీసరును పిలిపించారు. ఆయన ఇనుప గుండ్లు పెట్టి చూశాడు. ఇరవై. యాభై. వంద. అంతకు ముందు తూచిన బస్తాలు మళ్లీ వేయించాడు.

“పిసరు తేడా లేదు. ఎవరయ్యా తప్పన్నది?”

కృపానందం మీసం సర్దుకున్నాడు.

“మరి మా కోడలో?” అంది తిరుపతమ్మ. “ఏమే, ఎక్కు.”

ఇందిర కదల్లేదు.

“ఎక్కమంటన్నానా?”

ఎక్కింది. ఆఫీసరు బిళ్ల జరిపాడు. ఇంకా జరిపాడు.

“తొంభై ఒకటి.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

తిరుపతమ్మ లోపలికి వెళ్లి ఇందిర ట్రంకుపెట్టె తెచ్చి అరుగు మీద పెట్టింది. “రెండింటికి బస్సుంది” అంది. గడపలో నిలబడ్డ ఇందిర భర్త గోడ వైపు తిరిగాడు.

ఇందిర పలక మీద నుంచి దిగలేదు.

కాటా సరిగ్గానే ఉందని ఒక్క మాట అని ఉంటే ఆ ముసలాయన పని నిలిచేదని, ఆ మాట అంటే తనను మళ్లీ తూస్తారనే అతను అనలేదని ఆమెకు అప్పుడు అర్థమైంది.