చర్చి వెనుక మిల్లు

రాగిణి బేస్‌మెంట్‌లో లైటు వేసేసరికి, ఆమె ప్లాస్టర్‌తో చేసిన పల్లె నమూనాలో ఏరు నిజంగానే పారుతోంది.

అది ఫ్రాన్స్‌లోని వాల్‌మోర్ అనే చిన్న పల్లె. ఎప్పుడో మాయమైన నీటి మిల్లు చర్చి వెనుకే ఉండేదని ఆమె వాదన. రేపు ప్రొఫెసర్ల ముందు అది తప్పని తేలితే థీసిస్ పోయినట్టే.

బయట కెనడాలోని విన్నిపెగ్ మంచు. ఇంట్లో అద్దెకుండే మిగతా స్టూడెంట్లంతా నైట్ షిఫ్టులకు వెళ్లారు. బేస్‌మెంట్‌లో టప్, టప్‌మన్న చప్పుడొక్కటే. నీళ్లు చర్చిని చుట్టి, మిల్లు గుర్తు దగ్గరికి చేరుతున్నాయి.

మెట్ల కింద చీకట్లో ఎవరో దగ్గారు.

"ఎవరది?"

ఇంటి ఓనరు సరోజ, రిటైరైన ఇరిగేషన్ ఇంజినీరు, చెంబుతో బయటికొచ్చింది.

"నేనేనమ్మా పోసింది. నీ అడుగుల చప్పుడు విని లైటార్పి దాక్కున్నా. నీళ్లు అటు పోవని నిన్న నవ్వాను కదా, రుజువు చేద్దామని వచ్చా. ఎన్నిసార్లు పోసినా నీ మిల్లుకే పోతున్నాయే! ఓడిపోయాను తల్లీ, నువ్వే గెలిచావ్!"