గొంతుపూస

నోటితో పాఠం చెప్పడం కూడా పుస్తకాన్ని దొంగతనంగా జిరాక్స్ తీసినట్టేనని చట్టం వచ్చాక, పసిపిల్లలతో సహా అందరి మెడల్లోనూ గొంతుపూసలు పడ్డాయి. హక్కు కొనని పాఠంలోని మాట ఎవరైనా పలికితే, పూస ఆ శబ్దాన్ని మింగేస్తుంది.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న సుభాషిణి తల తిప్పింది. ఏడాది నిండని కొడుకు ఆమెనే చూస్తూ పెదాలు కలిపి విడదీస్తున్నాడు. శబ్దం మాత్రం లేదు.

"వీడేంటే, ఊరికే నోరాడిస్తున్నాడు?"

బడికెళ్లే కూతురు హరిణి వచ్చి చూసింది. "నిన్నే పిలుస్తున్నాడమ్మా. 'అ' అంటే అమ్మ. మా వాచకంలో మొదటి పాఠం అదే కదా! బళ్లో చేరి హక్కు కొనేదాకా వాడి పూస ఆ మాటను బయటికి రానివ్వదు."

"మరి పిలిస్తే నాకెలా తెలుస్తుందే?"

"చూస్తూ ఉండాలి."

ఆ రోజు నుంచి సుభాషిణి పొయ్యి దగ్గర కూడా వాడివైపు వీపు పెట్టి నిలబడలేదు.