నలభై రోజుల నీళ్లు

ఎబ్రో నది సముద్రంలో కలిసే మొగలో ఆల్చిప్పలు పెంచే ఫెర్రాన్ ఆఫీసు గదిలోకి రాగానే, నదీ శాస్త్రవేత్త మిరెయా నవ్వుతూ కాగితం చూపించింది.

“మీరే గెలిచారు! నలభై రోజులు ఎగువ తోటలకెళ్లే కాలువలు మూసేసి, నీళ్లు మొగదాకా వదలమని ప్రభుత్వానికి సలహా రాశాను. సంతకమే మిగిలింది.”

“పెట్టకమ్మా.”

“అదేంటి! ఈ నీళ్ల కోసం పదేళ్లు పోరాడింది మీరే కదా?”

ఫెర్రాన్ తెచ్చిన సంచిని బల్లమీద కుమ్మరించాడు. అన్నీ నోళ్లు తెరిచిన చిప్పలే. గదంతా కుళ్లు వాసన.

“నీళ్లు వేడెక్కి నిన్నటితో అన్నీ పోయాయి. చచ్చినవాటికి నీళ్లెందుకు? ఆ పైనున్నోళ్ల పీచ్ తోటలైనా బతకనీ.”

బతికున్న చిప్ప నోరు మూసుకునే ఉంటుంది. అలాంటిది ఒక్కటైనా దొరుకుతుందేమోనని, మిరెయా రెండు చేతులతో ఆ కుప్పలో వెతకసాగింది.