ఎడమవైపు కార్నర్

“నీకు ఎదుటివాడి మొహం తెలీదు కదరా. వీపే తెలుసు,” అన్నాడు రూఫస్ మావయ్య, వేయించిన చేపముక్క నములుతూ.

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. క్విన్సీ నవ్వలేదు. టీవీలో చూపిస్తున్నది అతని పాత ఆటే. బంతి గాల్లో తేలుతూ వస్తోంది. క్విన్సీ కాపలా కాయాల్సినవాడు అప్పటికే ముందుకెళ్ళిపోయాడు. బంతి అందుకుని గీత దాటాడు. వెనకాల క్విన్సీ చేతులు చాచి బోర్లా పడి ఉన్నాడు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కార్నర్‌బ్యాక్ పని చెప్పుకోవడానికి చిన్నదే. ఎదుటి జట్టులో బంతి అందుకోవడానికి పరిగెత్తేవాణ్ణి నీడలా అంటిపెట్టుకోవాలి. బంతి చేతికి చిక్కనివ్వకూడదు. తప్పితే, తప్పిందెవరో స్టేడియం అంతటికీ తెలుస్తుంది. జట్టులో చేరిన మొదటి ఏడాదంతా క్విన్సీ తప్పుతూనే వచ్చాడు.

అతని జట్టు రివర్‌మెన్ అడుగున పడింది. అడుగున పడ్డ జట్టుకే కాలేజీ కుర్రాళ్ళను ముందుగా ఎంచుకునే వంతు దక్కుతుంది. ఆ ఎంపిక ఇవాళే. పోయినేడు ఇదే గదిలో, ఇదే జనం మధ్య క్విన్సీ పేరు వినబడితే మావయ్య ఎగిరి గంతేసి కుర్చీ విరగ్గొట్టాడు. ఈసారి రివర్‌మెన్ మళ్ళీ కార్నర్‌నే తీసుకుంటే క్విన్సీ ఇంటిదారి పట్టాల్సిందే.

“మీవాళ్ళు ఇవాళ కార్నర్‌ని తెచ్చుకుంటే నువ్వేం చేస్తావురా?” మావయ్య వదల్లేదు. “నా లారీ ఎక్కుతావా? దానికైతే ఎవడి వెంటా పరిగెత్తక్కర్లేదు.”

“నోరు మూసుకుని తిను,” అంది అమ్మ వంటింటి గుమ్మంలోంచి. “పిల్లలిద్దరూ పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నీకు పరాచికాలు.”

“నువ్వెందుకక్కా కళ్ళు తుడుచుకుంటున్నావు? ఇంకా ఏమీ కాలేదుగా.”

“ఇవాళ ఏం జరిగినా నాకు ఏడుపే. నన్నొదిలెయ్.”

ఆమె చర్చికి వేసుకెళ్ళే నీలం గౌనులో ఉంది. సోఫాలో తమ్ముడు డెల్విన్ మోకాళ్ళ మధ్య చేతులు ఇరికించుకుని టీవీకేసే చూస్తున్నాడు.

క్విన్సీ జేబులో ఫోను మోగింది. తెర మీద జట్టు మేనేజరు పేరు.

“ఎవరన్నా?” అన్నాడు డెల్విన్.

“నాకేలే. కూర్చో.”

క్విన్సీ వరండాలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. బయట ఇంకా వెలుతురుంది. పొరుగింటి కుక్క ఇటే చూస్తోంది.

“క్విన్సీ, మా వంతు వచ్చింది. టైము లేదు,” అన్నాడు మేనేజరు. వెనకాల ఎవరో అరుచుకుంటున్నారు. “ఇక్కడ ఇద్దరి మీద తగువు. ఒకడు ముందు వరసలో అడ్డుగోడలా నిలబడే బండమనిషి. రెండోవాడు కార్నర్. ఎవరో నీకు తెలుసు.”

“తెలుసు సార్.”

“వాడి ఆట మేమంతా చూశాం. ఆటలో కనిపించనిది నువ్వు చెప్పాలి. నీకు తెలిసినంతగా వాడెవరికీ తెలీదు.”

“నన్నెందుకు అడుగుతున్నారు సార్?”

“వాడి గురించి మంచి చెప్పేవాళ్ళు నాకు బోలెడుమంది దొరికారు. చెడు చెప్పడానికి కారణం ఉన్నవాడివి నువ్వొక్కడివే. నిన్ను తెచ్చిందీ నేనే. మరోసారి పొరబడితే నన్నే ఊడబెరుకుతారు. చెప్పు. వాడిలో ఏదైనా లోపం ఉందా?”

క్విన్సీ వరండా స్తంభాన్ని పట్టుకున్నాడు. ఒక్క మాట చాలు. మోకాలు అంటే చాలు. మోకాలు బాగాలేదని పుకారు పుడితే ఏ జట్టూ ఆ కుర్రాడి జోలికి రాదు. రివర్‌మెన్ బండమనిషిని తీసుకుంటారు. ఎడమవైపు కార్నర్ చోటు ఇంకో ఏడాది తనదే. ఈ ఏడాది బాగా ఆడతాడేమో. ఎవరికి తెలుసు? కాళ్ళు ఇప్పుడిప్పుడే మాట వింటున్నాయి.

“క్విన్సీ!”

“మోకాలు…” అన్నాడు.

అవతల అరుపులు ఆగిపోయాయి. “ఏంటి? మోకాలా? ఏ మోకాలు?”

లోపల మావయ్య ఏదో అంటే జనం మళ్ళీ నవ్వారు.

“మోకాళ్ళు వంచే ఉంచుతాడు సార్,” అన్నాడు క్విన్సీ. “వెనక్కి పరిగెత్తేటప్పుడు కూర్చున్నట్టే ఉంటాడు. నాలాగా కంగారుపడి నిటారుగా లేవడు. అందుకే వాణ్ణి దాటడం ఎవరి తరమూ కాదు. నేనూ దాటలేకపోయాను. ఎన్నిసార్లో చూశాను.”

“లోపం?”

“లేదు.”

“ఒట్టేనా?”

“ఒట్టే సార్.”

మేనేజరు ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. “వాడొస్తే నువ్వు బెంచీ మీదే కూర్చోవాలి. బెంచీ అయినా మిగులుతుందో లేదో మాటివ్వలేను.”

“తెలుసు సార్.”

“ఎవడూ ఇలా చెప్పడయ్యా.”

క్విన్సీ స్తంభాన్ని వదిలాడు.

“సరే. ముందు వాడికి ఫోన్ చెయ్యాలి, తర్వాతే టీవీలో పేరు చదువుతారు. పెట్టేస్తున్నా.”

క్విన్సీ మొహం భుజానికేసి తుడుచుకుని లోపలికొచ్చాడు. అమ్మ అతన్ని చూసి చేతిలో పళ్ళెం కింద పెట్టింది.

“ఎవర్రా? ఏమన్నారు?”

“ఏం లేదమ్మా. నా పని అయిపోయింది.”

మావయ్య ఈసారి పరాచికమాడలేదు. లేచి తన కుర్చీ ఖాళీ చేశాడు. క్విన్సీ అందులో కూర్చోబోయాడు.

గదిలో మళ్ళీ ఫోను మోగింది.

తమ్ముడిది.