హమ్మయ్య

"నీ చెయ్యి వణకదు బావా, నువ్వే తియ్యి," అంటూ బావమరిది తన ఫోన్ అతని చేతిలో పెట్టి, పరుగున వెళ్ళి సోఫా వెనక నిలబడ్డాడు.

అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజు. సోఫా మధ్యలో అత్తగారు, ఒక పక్క అతని భార్య, ఇంకో పక్క మరదలు, నేల మీద పిల్లలు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం అతని పని. ఏది ఎక్కడ వంకరగా ఉన్నా ఇట్టే కనిపెట్టేస్తాడు.

"చివరివాళ్ళు కాస్త లోపలికి జరగండి. ఆఁ, అంతే."

నొక్కబోతుంటే తెర పైభాగాన ఒక మెసేజ్ పడింది. తనెప్పుడూ వినని గ్రూపు, పేరు 'హమ్మయ్య'. డ్యూటీ ఉండి రాలేకపోయిన తోడల్లుడు పెట్టాడు.

"పుట్టినరోజు పూటైనా ఆక్టోపస్ గారు ఊరుకున్నారా, మొదలెట్టేశారా?"

అదే క్షణంలో సోఫా మీద మరదలి ఒళ్ళో ఉన్న ఫోన్ గుర్రుమంది. ఆమె తల వంచి చూసి, పెదవి కొరికి నవ్వాపుకుంది.

ఆక్టోపస్ గారెవరో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయని కుటుంబం గ్రూపులో పెట్టింది అతనే. అదే మొదలు. తర్వాత శుక్రగ్రహం మీద ఒక రోజు అక్కడి సంవత్సరం కన్నా పెద్దదని పెట్టాడు. వాంబాట్ అనే జంతువు పాచికల్లాంటి పెంటికలు వేస్తుందని ఫొటోతో సహా పెట్టాడు. టీ తాగే వేళ ఫోన్‌లో ఇలాంటిదేదైనా కనిపిస్తే, పదిమందికీ చెప్పేదాకా అతనికి కడుపుబ్బరంగా ఉండేది.

"ఏంటి బావా, తీశావా?"

"నవ్వండి," అన్నాడు అతను.

అందరూ నవ్వారు. ఫొటో తీశాడు. చెయ్యి నిజంగానే వణకలేదు. చెవులు మాత్రం కాలిపోతున్నాయి.

భోజనాల దగ్గర అత్తగారు అడిగింది. "ఏం నాయనా, ఇవాళ కొత్త సంగతులేం లేవా?"

"ఏం లేవండీ."

బల్ల అవతలి కొసన ఎవరో దగ్గారు. అది దగ్గు కాదనిపించింది. తల ఎత్తలేక, కంచంలోకి చూస్తూ తిన్నాడు. ఏం తిన్నాడో తెలియదు.

తిరిగి వస్తుంటే బస్సులో భార్యని అడిగాడు. "నేను పెట్టేవన్నీ జనానికి చిరాగ్గా ఉంటాయంటావా?"

ఆమె చటుక్కున ఇటు తిరిగింది. "ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదు. ఊరికే అడిగాను."

"ఎవరూ ఏమీ అననప్పుడు మీకెందుకండీ బెంగ? మీకు బాగుంటే పెట్టండి. గ్రూపులోంచి ఎవరైనా వెళ్ళిపోయారా? లేదుగా!" అని, అతని చెయ్యి మీద చెయ్యి వేసింది.

ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు అతను ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. తన వాళ్ళు తన మొగుణ్ణి ఇలా ఆడిపోసుకుంటున్నారని పాపం ఈ పిచ్చిదానికి తెలియదు. చెప్పకూడదనుకున్నాడు.

ఇంటికొచ్చాక ఫోన్ తీసి కుటుంబం గ్రూపులో వెనక్కి వెనక్కి వెళ్ళాడు. అన్నీ తను పెట్టినవే. ఒక్కోదాని కింద ఒక్క ఎర్ర గుండె. అది భార్యది. ఎంత పొడుగు వీడియో పెట్టినా నిమిషం తిరక్కుండా గుండె పెట్టేసేది. మిగతావాళ్ళెవరూ ఒక్క ముక్క రాయలేదు. లీనమై చూస్తున్నారు కాబట్టే ఏమీ అనడం లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆ సంగతి గుర్తొచ్చి, గదిలో ఒక్కడే ఉన్నా మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఆ రోజు నుంచి పెట్టడం మానేశాడు. ఏమైందని ఎవరూ అడగలేదు. మెసేజ్ చూసిన క్షణం కన్నా ఆ మౌనమే ఎక్కువ కోసింది.

కొన్నాళ్ళకి బావమరిది కళ్ళజోడు పట్టుకుని దుకాణానికొచ్చాడు. "కాడ ఊగుతోంది బావా, కాస్త చూడు."

అతను చిన్న మర తిప్పి బిగించాడు. అద్దాలు తుడిచి ఇస్తూ, దుకాణంలో ఇంకెవరూ లేరని చూసుకుని అన్నాడు. "ఆ రోజు ఫొటో తీస్తున్నప్పుడు నీ ఫోన్‌లో మెసేజ్ చూశాను. 'హమ్మయ్య'."

బావమరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. "బావా... అది... ఏదో సరదాకి..."

"తప్పు మీది కాదులే. నాకు నచ్చినవన్నీ తెచ్చి మీ నెత్తిన రుద్దాను. ఒక్కడైనా మొహం మీద చెప్పుంటే మానేసేవాణ్ణి."

"సిగ్గుగా ఉంది బావా. నన్ను ఇంక చంపకు."

"సిగ్గుపడాల్సింది నేను. సరే, అయిపోయిందేదో అయిపోయింది. ఒక్కటే అడుగుతాను, మాటివ్వు."

"చెప్పు."

"మీ అక్కకి మాత్రం ఈ సంగతి తెలియనివ్వకు. నా మీద ఈగ వాలనివ్వదు. తెలిసిందంటే జన్మలో మీ గడప తొక్కదు. నా మూలంగా అక్కాతమ్ముళ్ళు విడిపోకూడదు."

బావమరిది కళ్ళజోడు పెట్టుకోలేదు. చేతిలోనే అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

"ఏం, మాటివ్వడానికి ఇంత ఆలోచనా?"

"ఆ గ్రూపు పెట్టింది అక్కయ్యే బావా."