సూరయ్య రాసిన ‘స’

శ్రీముఖలింగంలో చీకటి పడింది. లక్ష్మణమ్మ ఇంటి నడవలో సుహాసిని ఇంకా లాప్‌టాప్ ముందే ఉంది. పాత గ్రంథాలను కంప్యూటర్లో పరిష్కరించడం ఆమె చదువు. లక్ష్మణమ్మ ముత్తాత సూరయ్య రాసిన తాటాకుల కట్టను ఫొటోలు తీసి, అక్షరం అక్షరం ఎక్కిస్తోంది.

పశువులకి గడ్డి వెయ్యడానికి వెళ్తూ లక్ష్మణమ్మ గుమ్మంలో ఆగింది.

“ఆయన రాతలో ఒక్క అచ్చరం ఎవుర్నీ దిద్దనిచ్చీవోడు కాదంటమ్మా.”

“దిద్దకపోతే సదివినోళ్లు నవ్వుతారు పిన్నీ.”

‘చెప్పె’ అని ఉండాల్సిన ప్రతిచోటా సూరయ్య ‘సెప్పె’ అనే రాశాడు. సుహాసిని అన్నింటినీ మార్చేసింది.

పేజీ తిప్పి వెనక్కి వచ్చేసరికి మొదటిది మళ్లీ ‘సెప్పె’ అయి ఉంది. దిద్దింది. మళ్లీ మారింది. ఏ మార్పు ఎవరు చేశారో ఆ ప్రోగ్రాం పక్కనే రాసిపెడుతుంది. సుహాసిని, సూరయ్య. సుహాసిని, సూరయ్య.

గాలి లేదు. బల్ల మీది తాటాకుల్లోంచి మాత్రం గంటంతో గీస్తున్నట్టు సన్నని చప్పుడు వస్తోంది.

ఆకు విరిగిపోయిన చోట ఆమె ఖాళీ వదిలింది. ఇప్పుడా ఖాళీలో అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి.

‘పక్కకి సూడు.’

సుహాసిని తల తిప్పలేదు. ఏం చెయ్యాలో తోచక, అలవాటుగా ‘సూ’ని ‘చూ’ అని దిద్దబోయింది.

పలక మీద పిల్లలకి అక్షరాలు దిద్దించేటప్పుడు పట్టుకున్నట్టు, ఆమె వేలిని ఎవరో మెల్లగా పట్టుకున్నారు.